బెణుకు కాదప్పా, తాడు జారింది

“సార్, ఒకసారి ఇది చూడండి” అంటూ ఆ పిల్లవాడు ప్యాంటు పైకి మడిచి గ్రౌండ్ పక్కన అరుగు మీద కూర్చున్నాడు. చీలమండ పైన దిష్టికి కట్టుకున్న నల్లదారం, దాని కింద బయటివైపు ఉబ్బుగా కనిపించే ఎముక. పాదాన్ని పైకెత్తి బయటికి తిప్పాడు. ఆ ఎముక వెనక నుంచి పెన్సిలంత లావు తాడు ఒకటి చర్మం కింద కదిలింది, టక్కుమని ఎముక మీదికి ఎక్కి కూర్చుంది. పాదం దించితే జారి మళ్లీ వెనక్కి పోయింది. వాడి పెదవి నొప్పికి బిగుసుకుంది గానీ, కళ్లలో భయం కంటే వింతే ఎక్కువగా ఉంది.

వ్యాయామ ఉపాధ్యాయుడిగా నాకప్పటికి ఇరవై ఏళ్ల సర్వీసు దాటింది. కబడ్డీలో, ఖోఖోలో, లాంగ్‌జంప్ గుంతలో బెణికిన కాళ్లు లెక్కలేనన్ని చూశాను. ఆ ధీమాతోనే “ఏం కాదులేప్పా, నరం ఎక్కింది. క్రేప్ బ్యాండేజీ కట్టుకో, రేపటి నుంచి మెల్లగా పరుగెత్తు” అన్నాను. వాడు నా మాట విన్నాడు. కానిస్టేబుల్ దేహదారుఢ్య పరీక్ష కోసం ఏడాదిన్నర పాటు అదే కాలితో 1600 మీటర్లు పరుగెత్తాడు. చివరికి సర్జన్ ఆ చీలమండను తెరిచి చూస్తే, లోపల రెండు తాళ్లలో ఒకటి నిలువునా చీలిపోయి ఉంది.

తప్పు నాది. అందుకే మా కర్నూలు జిల్లాలోని దేవనకొండ, ఆస్పరి, గోనెగండ్ల, పత్తికొండ పల్లెల్లో ఈ కాలికి జనం ఏమేం సలహాలిస్తారో అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. ఇచ్చేవాళ్లంతా మంచి మనసుతోనే ఇస్తారు. నేనూ అలాగే ఇచ్చాను. ఈ సలహాలు మీకు తప్పకుండా వినబడతాయి. విన్నప్పుడు గుర్తుపట్టి పక్కన పెట్టండి.

ముందు లోపల ఏముందో చూడాలి. బావి మీద గిలక, ఆ గిలక గాడిలో నడిచే చేంతాడు మనందరికీ తెలుసు. మన చీలమండ బయటి ఎముక వెనక కూడా అలాంటి గాడే ఉంది. మోకాలి కింద నుంచి వచ్చే రెండు కండరాల తాళ్లు ఆ గాడిలోంచి దిగి పాదంలోకి వెళతాయి. డాక్టర్లు వాటిని పెరోనియల్ టెండన్లు అంటారు. ఒకటి చిటికెనవేలి వైపు ఎముకకు అంటుకుంటుంది. రెండోది అరికాలి కింద అడ్డంగా పోయి బొటనవేలి వైపు తేలుతుంది. పాదాన్ని బయటికి తిప్పేది ఇవే, గతుకుల చేలో నడిచేటప్పుడు కాలు లోపలికి మడతపడకుండా ఆపేదీ ఇవే. ఈ తాళ్లు గాడి దాటకుండా పైనుంచి పటకాలాంటి గట్టి పట్టీ ఒకటి పట్టి ఉంచుతుంది. ఆ పట్టీ ఎముక నుంచి ఊడిందంటే తాడు గాడి తప్పుతుంది. జరిగేది ఇంతే.

గాడి అందరికీ ఒకేలా ఉండదు. 1928లో ఎడ్వర్డ్స్ అనే శరీరశాస్త్రవేత్త 178 ఎముకలు పరిశీలించి లెక్క కట్టాడు. వాటిలో 82 శాతానికి గాడి ఉంది. 11 శాతానికి అక్కడ చదునుగా ఉంది. 7 శాతానికైతే గాడి ఉండాల్సిన చోట ఎముక ఉబ్బి ఉంది. గాడి లేని గిలక మీద తాడు నిలవడం ఎంత కష్టమో చెప్పక్కర్లేదు. ఈ జబ్బును మొదట పుస్తకంలోకి ఎక్కించింది ఇటలీ వైద్యుడు మోంటెజ్జా. 1803లో ఒక బ్యాలే నర్తకి కాలిలో దీన్ని గమనించాడు. రెండు వందల ఏళ్లు దాటినా ఇప్పటికీ దీన్ని బెణుకు అనే పంపించేస్తున్నారంటే, గుర్తుపట్టడమే అసలు కష్టమని అర్థం.

మన ఊళ్లో “నరం మీద నరం ఎక్కింది” అంటారు. చదువుకున్నవాళ్లు ఆ మాట విని నవ్వుతారు. నవ్వొద్దు. నరం అన్న పేరు తప్పే గానీ, ఎక్కింది అన్న మాట నూటికి నూరుపాళ్లు నిజం. మన పెద్దలు కంటితో చూసే ఆ మాట అన్నారు. పొరపాటంతా ఆ తర్వాత ఇచ్చే సలహాలోనే ఉంది.

మొదటి సలహా నేనిచ్చిందే. “బెణుకేలే, పది రోజుల్లో పోతుంది.” అసలు నష్టమంతా ఇక్కడే మొదలవుతుంది కాబట్టి దీని గురించి కొంచెం వివరంగా చెప్పాలి. మామూలు బెణుకులో పాదం లోపలికి మడతపడుతుంది. వాపూ నొప్పీ బయటి ఎముకకు ముందు, కింద ఉంటాయి. తాడు జారినప్పుడు దెబ్బ తగిలే తీరే వేరు. కబడ్డీలో కూతకు వెళ్లినవాడి చీలమండను డిఫెండర్ పట్టుకుంటాడు. వీడు గీత అందుకోవాలని ముందుకు దూకుతాడు. పాదం పైకి మడిచి నేలకు తన్నిపెట్టి ఉంటుంది, పడిపోకుండా ఆపడానికి ఆ కండరాలు ఒక్కసారిగా బిగుసుకుంటాయి. ఆ బిగువుకు పట్టీ ఊడుతుంది. లాంగ్‌జంప్‌లో వంకరగా దిగినా, వాలీబాల్‌లో స్మాష్ కొట్టి దిగినా, పరుగు మధ్యలో గుంతలో కాలు పెట్టి ఆపుకోబోయినా ఇదే జరగొచ్చు. చలిదేశాల్లో మంచు మీద స్కీయింగ్ చేసేవాళ్లకు ఎక్కువగా జరిగేది ఇందుకే. వాళ్లకు మంచు, మనకు మట్టి కోర్టు. లోపల జరిగేది మాత్రం ఒకటే.

గుర్తులు చెబుతాను. నొప్పీ వాపూ ఎముక వెనక అంచున ఉంటాయి. దెబ్బ తగిలినప్పుడు ఏదో తెగినట్టు, టప్పుమన్నట్టు అనిపించి ఉంటుంది. వాపు దిగాక మెట్లు దిగేటప్పుడో, ఎగుడుదిగుడు నేల మీదో, పాదం తిప్పినప్పుడో టక్కుమంటుంది. కాలి మీద నమ్మకం పోతుంది. “ఎప్పుడు పడేస్తుందో తెలీదు సార్” అంటారు పిల్లలు. ఆ మాట వినబడితే ఇంకేమీ చూడక్కర్లేదు, డాక్టరు దగ్గరికి పంపాల్సిందే. మొదటి రోజుల్లో వాపు అంతా కప్పేసి ఉంటుంది కాబట్టి పెద్ద డాక్టరుకైనా వెంటనే తేలకపోవచ్చు. అందుకే బెణుకు అనుకున్నది రెండు మూడు వారాలకూ తగ్గకపోతే రెండోసారి చూపించుకోవాలి. ఆ రెండోసారి వెళ్లడమే మనవాళ్లు చేయరు.

ఇక “మళ్లీ చూపించరా, టక్కుమనిపించు” అనే స్నేహితులు. ఇది సలహా కాదు, సరదా. అయినా దీని వల్ల జరిగే చెడుపు తక్కువేం కాదు. హాస్టల్లో, గ్రౌండ్లో, టీ బంకు దగ్గర ఒక్కొక్కరికీ చూపిస్తూ రోజుకు ఇరవైసార్లు ఆ తాడును ఎముక అంచు మీద రాపాడిస్తారు. గాడి తప్పిన చేంతాడు గిలక ఇనుప అంచుకు ఒరుసుకుంటే పోగులు పోగులుగా ఎలా లేస్తుందో ఇదీ అంతే. ఫోన్లో ఒక్కసారి వీడియో తీసి పెట్టుకోండి. డాక్టరుకు అది నిజంగా పనికొస్తుంది. ఆ తర్వాత ఎవరడిగినా తిప్పి చూపించొద్దు.

“ఎక్స్‌రేలో ఏం లేదన్నారు, ఇంకేం భయం?” ఈ సలహాను ఇంట్లోవాళ్లు ఊరటగా చెప్పుకుంటారు. ఎక్స్‌రేలో ఎముక కనిపిస్తుంది, పట్టీ కనిపించదు, తాడూ కనిపించదు. పట్టీ ఊడేటప్పుడు ఎముక అంచు నుంచి చిన్న పలుకును లాక్కుని వస్తేనే ఎక్స్‌రేలో ఆ పలుకు జాడ తెలుస్తుంది. 1976లో ఎకర్ట్, డేవిస్ అనే ఇద్దరు వైద్యులు స్కీయింగ్‌లో దెబ్బతిన్న 73 మంది వివరాలు ప్రచురించారు. అలా పలుకు లేచినవి ఆరింట ఒక వంతు మాత్రమే. సగం మందిలో పట్టీ ఎముక పైపొరతో సహా లేచి వచ్చింది, ఎముక మాత్రం విరగలేదు. ఎక్స్‌రే శుభ్రంగా ఉందంటే ఎముక విరగలేదనే అర్థం. తాడు గాడిలో ఉందని కాదు.

మరేం పరీక్ష చేయించాలి? పాదం కదుపుతూ చేసే అల్ట్రాసౌండ్ స్కాన్. కడుపుతో ఉన్నవాళ్లకు చేసే స్కాన్ మిషనే, దాన్నే చీలమండ మీద పెట్టి పాదాన్ని తిప్పమంటారు. తాడు ఎముక మీదికి ఎక్కడం తెరమీద అప్పటికప్పుడే కనబడుతుంది. ఎమ్మారై ఖరీదైనది, తాడు చీలిందా లేదా చెప్పడంలో బాగా పనికొస్తుంది. కానీ అందులో కాలు కదలకుండా పెట్టి పడుకోవాలి. ఆ క్షణాన తాడు గాడిలోనే ఉంటే, జారుతుందన్న సంగతి ఫిల్ములో పడకపోవచ్చు. కాబట్టి “పాదం కదిపితే తాడు జారుతోంది సార్, కదుపుతూ స్కాన్ చేయిస్తారా?” అని మీరే అడగండి. ఆ మాట అడగడం తప్పేం కాదు.

“లాగి సరిచేసేవాళ్లున్నారు, పోదాం పా.” మనకు ఈ నమ్మకం బలంగా ఉంది. నడుం పట్టేస్తే ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లతో తొక్కించుకోవడం, మెడ పట్టేస్తే తిప్పించుకోవడం, ఎముక విరిగితే పుత్తూరు కట్టు. కట్టు కట్టేవాళ్ల మీద నాకు చులకన లేదు. ఆసుపత్రులు లేని కాలంలో ఈ నేలను నడిపించింది వాళ్లే. కానీ ఇక్కడ సరిచేయడానికి విరిగిన ఎముక లేదు. బొటనవేలితో నొక్కితే తాడు గాడిలోకి వెళ్తుంది. నిజమే, ఏ వైద్యుడూ లేకుండా తనంతట తానే కూడా వెళ్తుంది. “చూడు, సరిపోయింది” అంటారు. ఊడిన పట్టీ ఊడినట్టే ఉంది, మళ్లీ అడుగు వేయగానే తాడు పైకొస్తుంది. గట్టిగా లాగి, ఆముదం పోసి నలిచి, మీద వెదురుబద్దలు పెట్టి బిగిస్తే చీలమండ చర్మం కమిలి పుండవుతుంది. ఆపరేషన్ అవసరమైన రోజున ఆ పుండు మానేదాకా సర్జన్ కత్తి పట్టడు. ఇంకో నెల పోతుంది.

పసుపు, సున్నం, చింతపండు పట్టు, ఇసుక మూట కాపడం, ఇవన్నీ ఒక్క మాటలో తేల్చేయొచ్చు. పై చర్మానికి వెచ్చగా, హాయిగా ఉంటుంది. ఊడిన పట్టీని ఇవేవీ అతికించలేవు. దేవరగట్టులో దసరా రాత్రి కర్రల సమరంలో తల పగిలినవాళ్లు స్వామి పసుపు గాయానికి అద్దుకుని మళ్లీ గుంపులోకి దూకడం మన జిల్లాలో అందరూ చూసిందే. అది భక్తి. దాన్ని వైద్యం అనుకుని చీలమండకు తీసుకురాకండి. దెబ్బ తగిలిన మొదటి రెండు మూడు రోజులు కాపడం అసలే వద్దు, వాపు పెరుగుతుంది. గుడ్డలో చుట్టిన ఐసు పదిహేను ఇరవై నిమిషాలు పెట్టి తీయడం, కాలు దిండు మీద ఎత్తి పెట్టుకోవడం, ఆ కాలు మీద బరువు మోపకపోవడం, మొదటి రోజు చేయాల్సింది ఇంతే. చీలమండకు నల్లదారం ఉంటే వెంటనే కోసేయండి. వాపు వచ్చాక అది చర్మంలోకి దిగి కోస్తుంది. దిష్టి సంగతి కాలు బాగయ్యాక చూసుకోవచ్చు.

“ఒక సూది వేయించుకో, నొప్పి అక్కడికక్కడే పోతుంది.” ఈ మాట ఊళ్లో ప్రాక్టీసు చేసేవాళ్ల దగ్గరా వినబడుతుంది, సెలక్షన్ల ముందు తోటి కుర్రాళ్ల దగ్గరా వినబడుతుంది. ఆ సూదుల్లో స్టెరాయిడ్ ఉంటే నొప్పి నిజంగానే తగ్గుతుంది. అపాయం కూడా అక్కడే ఉంది. స్టెరాయిడ్ తాడును బలహీనపరుస్తుంది. నొప్పి తెలియని కాలితో బలహీనమైన తాడును పరుగెత్తిస్తే తెగేదాకా పోవచ్చు. రోజూ నొప్పి మాత్ర వేసుకుని ప్రాక్టీసుకు పోవడమూ ఇలాంటిదే. నొప్పి ఆగమని చెబుతుంటే దాని నోరు నొక్కేసి పరుగెత్తడం అది. పైగా ఆ మాత్రలు కడుపులో పుండు పెడతాయి, మూత్రపిండాలకూ చేటు చేస్తాయి.

ఇప్పుడు నన్ను ఎక్కువ బాధపెట్టే సలహా. “మగాడివేనా? కట్టు కట్టుకుని ఆడెయ్. ఫైనల్ రేపే కదా.” జాతరల్లో కబడ్డీ పోటీలు పెట్టినప్పుడు ఊరి పరువు ఒక పిల్లవాడి చీలమండ మీద పెడతాం. దీన్ని సమర్థించుకోవడానికి పేరున్న ఆటగాళ్ల కథలూ చెబుతాం. అలాంటి కథల్లో ఈ జబ్బుకే చెందినది ఒకటుంది. మొత్తం తెలిస్తే దాన్ని ఇంకెవరూ గొప్పగా చెప్పరు.

అమెరికాలో బేస్‌బాల్ ఆడే కర్ట్ షిల్లింగ్ బోస్టన్ రెడ్‌సాక్స్ జట్టుకు బంతి విసిరేవాడు. 2004 అక్టోబరులో అతని కుడి చీలమండలో ఇదే పట్టీ దెబ్బతిని, బంతి విసిరిన ప్రతిసారీ తాడు ఎముక మీద జారేది. జట్టు డాక్టరు బిల్ మోర్గాన్ చర్మాన్ని లోపలి కణజాలానికి కలిపి కుట్లు వేసి, తాడు కదలకుండా గోడ కట్టినట్టు చేశాడు. ఆ పని ముందు శవం కాలి మీద చేసి చూసుకుని మరీ చేశాడు. అక్టోబరు 19న న్యూయార్క్‌లో షిల్లింగ్ ఆడాడు. తెల్లటి సాక్సు మీద రక్తం మరక అందరికీ కనబడింది. బోస్టన్ 4–2 తేడాతో గెలిచింది. ఆ నెలలోనే 1918 తర్వాత తొలిసారి ఛాంపియన్ అయింది. ఆ సాక్సు కథ ప్రపంచమంతా పాకింది.

కథలో చెప్పని భాగం ఇది. ఆ కుట్లు కొన్ని రోజుల ఆట కోసం వేసినవి, వైద్యం కాదు. నవంబరులో అతనికి అసలు ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. 2005 సీజన్‌లో చాలా రోజులు ఆడలేకపోయాడు, ఆడిన రోజుల్లోనూ పాత జోరు లేదు. పక్కనే సర్జన్, పేరున్న జట్టు, కోట్ల సంపాదన, ఇన్ని ఉన్నవాడికే ఆ గతి. మన పిల్లవాడికి ఉన్నది ఒక క్రేప్ బ్యాండేజీ, మైకులో ఊరి పేరు. గెలిచిన కప్పు పంచాయతీ ఆఫీసు బీరువాలో ఉంటుంది, చీలిన తాడు వాడి కాలిలో ఉంటుంది.

“ఆరు వారాలు పిండికట్టు వేయించుకో, సరిపోతుంది.” ఇది సగం మంచి సలహా. సగం మంచి సలహాకే మోసపోయే వీలెక్కువ. మొదటిసారి జారినప్పుడు, దెబ్బ తగిలిన కొత్తలోనే వెళితే, మోకాలి కింద నుంచి కట్టు వేసి, ఆ కాలు మీద బరువు పెట్టకుండా ఆరు వారాల దాకా ఉంచుతారు. పట్టీ మళ్లీ ఎముకకు అతుక్కునే అవకాశం ఉంటుంది. అలా చేసినా దాదాపు సగం మందికే నిలుస్తుంది. ఆటలాడే కుర్రాళ్లకు మొదటే ఆపరేషన్ మేలని చెప్పే సర్జన్లు అందుకే ఉన్నారు. మళ్లీమళ్లీ జారుతున్న కాలి సంగతి వేరు. అక్కడ ఊడిన పట్టీ సాగిపోయి, మధ్యలో ఖాళీ సంచిలా తయారై ఉంటుంది. తాడు ఆ సంచిలోకి దూరడానికి అలవాటు పడిపోతుంది. దానికి ఎన్నిసార్లు పిండికట్టు వేసినా ఉపయోగం లేదు. ఏడాదిగా జారుతున్న కాలికి మూడోసారి పిండికట్టు వేయిస్తున్నారంటే ఇంకో సర్జన్‌ను కలవండి.

దీనికి ఎదురు సలహా కూడా ఉంది. “టక్కుమంటోందా, అయితే కోయించాల్సిందే.” ఇదీ తప్పే. కొందరికి చిన్నప్పటి నుంచి చీలమండ దగ్గర చప్పుడు వస్తుంది, నొప్పి ఉండదు, వాపు ఉండదు, పడిపోరు. వాళ్ల కాలిని వాళ్లకే వదిలేయాలి. ఇంకొందరికి తాడు గాడి దాటదు, గాడిలోనే రెండు తాళ్లు ఒకదాని మీదికి ఒకటి దొర్లుతాయి. చప్పుడు అలాగే ఉంటుంది గానీ పట్టీ బాగానే ఉంటుంది. నరం మీద నరం ఎక్కింది అన్న మాట వీళ్లకు అచ్చంగా సరిపోతుంది. ఈ తేడా తేల్చేది కూడా కదుపుతూ చేసే ఆ స్కానే. నొప్పి, వాపు, కాలు నిలవకపోవడం, ఇవి ఉంటేనే ఆపరేషన్ మాట.

“ఆపరేషన్ చేస్తే కాలు పోతుంది. ఆడపిల్లకు మచ్చ పడితే సంబంధాలు రావు.” ఖోఖోలో జిల్లా స్థాయికి ఆడిన ఒక అమ్మాయిని వాళ్లమ్మ ఈ మాటతోనే రెండేళ్లు ఆపింది. ఆ తల్లిని నేను తప్పుపట్టను, ఆమె భయం ఆమెది. కానీ ఏం చేస్తారో తెలిస్తే భయం తగ్గుతుంది. ఎముక వెనక కొన్ని అంగుళాల గాటు పెడతారు. సాగిన పట్టీని బిగించి ఎముక అంచుకు తిరిగి కుట్టేస్తారు. గాడి లోతు లేకపోతే ఎముక వెనక భాగాన్ని లోపల తొలిచి గాడిని లోతు చేస్తారు. తాడు చీలి ఉంటే దాన్నీ కుట్టేస్తారు. గాటు పక్కనే చర్మానికి స్పర్శనిచ్చే సూరల్ నరం వెళ్తుంది. దానికి దెబ్బ తగిలితే పాదం బయటి అంచు తిమ్మిరిగా ఉండొచ్చు. కొందరికి చీలమండ కొంత బిగుసుకోవచ్చు. ఇవి ముందే అడిగి తెలుసుకోండి. అనుభవమున్న చేతుల్లో ఎక్కువ మందికి తాడు మళ్లీ జారదు, చాలామంది తిరిగి ఆటకు వస్తారు. ఆ అమ్మాయి చివరికి వైద్యం చేయించుకుంది. మచ్చ ఉంది, ఎముక వెనక, వేలెడంత. ఇప్పుడు నేల చూసుకుంటూ నడవడం మానేసింది.

డబ్బు సంగతి. ఆదోనిలో ప్రభుత్వ ఆసుపత్రి ఉంది, కర్నూలులో ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి ఉంది, అందులో ఎముకల విభాగం ఉంది. “సర్కారు ఆసుపత్రిలో ఎవరు చూస్తారు” అనేది ఇంకో తప్పుడు సలహా. రోడ్డు ప్రమాదాల్లో నుజ్జయిన కాళ్లను రోజూ చూసే చేతులు అక్కడున్నాయి. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలైన పథకమే ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవ. కార్డు, ఆధార్ పట్టుకుని పోయి, డాక్టరు రాసిన ఆపరేషన్ పేరు చూపించి, అది పథకంలో ఉందా అని కౌంటరులోని వైద్యమిత్రను అడగండి. అప్పు చేసే ముందు ఆ ఒక్క ప్రశ్న అడగండి.

ఇక చివరి సలహా. మన ప్రాంతంలో ఇదే ఎక్కువ కాళ్లను పాడుచేసింది. “కుట్లు విప్పారు కదా, ఇంకేం? సుగ్గికి పోదాం.” వానలు మొహం చాటేసిన ఏడాది పల్లెలు తాళాలు వేసుకుని గుంటూరు వైపు మిరప కోతలకు, అదే సుగ్గికి, పోతాయి. ఇంటికి ఒక చేయి తగ్గితే ఆ ఏడాది లెక్కే తప్పుతుంది. ఇది నాకు తెలుసు. అయినా చెప్పక తప్పదు. కుట్లు విప్పడం చర్మం మానిందనడానికే గుర్తు. లోపల ఎముకకు కుట్టిన పట్టీ గట్టిపడటానికి వారాలు పడుతుంది. సాధారణంగా మొదటి రెండు వారాలు ఆ కాలు నేల మీద మోపనివ్వరు. ఆరు వారాల దాకా కట్టో బూటో ఉంటుంది. సర్జన్‌ను బట్టి ఇది కొంచెం అటూ ఇటూ మారుతుంది. ఆ తర్వాత ఫిజియోథెరపీ. పరుగు, ఆట, బరువు మోయడం నాలుగు నుంచి ఆరు నెలల తర్వాతే. మధ్యలో పిక్క వాచి నొప్పి పెట్టినా, ఆయాసం వచ్చినా రేపు చూద్దాం అనుకోకుండా ఆసుపత్రికి పోవాలి. బీడీ, సిగరెట్ ఉంటే ఆ నెలలన్నీ మానేయాలి. పొగాకు గాయాన్ని మాననివ్వదు.

ఫిజియోథెరపీకి రోజూ కర్నూలు పోలేమంటారు. నిజమే. వారానికోసారి పోయి, మిగతా ఆరు రోజులు ఇంట్లో చేయొచ్చు. ఫిజియో చెప్పిన రోజు నుంచే మొదలుపెట్టాలి, ముందు కాదు. గోడ పట్టుకుని ఆపరేషన్ అయిన కాలి మీద ఒంటికాలితో నిలబడటం, తర్వాత గోడ వదలడం, తర్వాత కళ్లు మూసుకోవడం. పాత సైకిల్ ట్యూబును మంచం కోడుకు కట్టి, పాదానికి తగిలించి బయటికి లాగడం. ఒక పిల్లవాడు వాళ్ల నాయన ఎద్దులకు మేత వేసే సేపంతా గాటిపాడి గుంజ పట్టుకుని ఒంటికాలి మీద నిలబడేవాడు. నాలుగో నెలకు రెండు కాళ్లూ సమానమయ్యాయి. యంత్రాలేమీ వాడలేదు.

నోటిఫికేషన్ తరుముతుంటుంది, అది నేను ఎరుగుదును. పోలీసు ఉద్యోగానికి 1600 మీటర్లు, అగ్నివీర్‌కు 1.6 కిలోమీటర్ల పరుగు. వయసు దాటిపోతుందని భయం. “ఈ ఒక్క సెలక్షన్ అయ్యాక చూపించుకుంటా సార్” అంటారు. జారే తాడుతో పరుగు గెలిచినా, ఉద్యోగానికి ముందు వైద్య పరీక్ష ఉంటుంది, తర్వాత నెలల తరబడి శిక్షణ ఉంటుంది. ఆ కాలు అక్కడ నిలవదు. ఒక నోటిఫికేషన్ వదులుకోమని చెప్పడం సులువు కాదు. ఆ రోజు అరుగు మీద కూర్చున్నవాడికి నేను అది చెప్పి ఉంటే వాడికి ఆరు నెలలు పోయేవి. చెప్పనందుకు మూడేళ్లు పోయాయి.

తోటి వ్యాయామ ఉపాధ్యాయులకు, కబడ్డీ జట్లు నడిపే అన్నలకు, అమ్మానాన్నలకు చేతులు జోడించి అడుగుతున్నాను. పిల్లలెవరైనా వచ్చి చీలమండ వెనక టక్కుమంటోందని చెబితే, నాలుగడుగులు నడిపించి చూడకండి. కూర్చోబెట్టి ఎముక వెనక వేలు పెట్టండి, పాదాన్ని ఒక్కసారి మెల్లగా తిప్పమనండి. వేలి కింద తాడు కదిలితే ఆ వారంలోనే ఎముకల డాక్టరు దగ్గరికి పంపండి, బస్సు చార్జీ లేదంటే మీరే ఇవ్వండి.